ఈశాన్య మూల నుంచి లేచిన డ్రోన్

మూడేళ్ళ కిందటి మాట. ఉగాది వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజులు. కర్ణాటకలోని చింతామణిలో, బస్టాండు వెనక సందులో నాకొక సర్వీసు అంగడి ఉంది. మొదట్లో మిక్సీలు, టీవీలు బాగుచేసేదాన్ని, తర్వాత మొబైళ్ళు, ఇప్పుడు డ్రోన్లు. మా నాన్న కైవారం దగ్గర ఒక చిన్న గుడిలో అర్చకుడు. మంత్రం చదివే ఇంట్లో ఈ సోల్డరింగ్ పొగ ఏమిటే అని ఇప్పటికీ గొణుగుతుంటాడు. పెళ్ళి వీడియోలు తీసే బుల్లి డ్రోన్ల దగ్గర్నుంచి పొలాలకు మందు కొట్టే పెద్ద డ్రోన్ల దాకా, ఈ చుట్టుపక్కల చెడిపోయినవన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అదీ ఊరందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం మంజుల అనే అమ్మాయి వచ్చింది. చాకవేలు దాటి, ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక పల్లె ఆమెది. ఆ ఊరి ఆడవాళ్ళ సంఘానికి మందు కొట్టే డ్రోన్ ఒకటి ఉంది. దాన్ని నడపడానికి తరబేతి, అంటే శిక్షణ, తీసుకున్నది ఊరు మొత్తం మీద ఈమె ఒక్కతే. సంచీలోంచి ఒక ఫోనూ ఒక రిమోటూ తీసి నా బల్ల మీద పెట్టింది.

"అక్కా, యాప్ బిగుసుకపోతాండాది. ఎందుకో నువ్వు కనిపెట్టియ్యాల."

"దానికి ఇంత దూరం రావాలా? బాగేపల్లిలో మొబైల్ అంగళ్ళు లేవా?"

"ఉండాయి. వాళ్ళు చూసి ఫోను బాగానే ఉండాది అన్నారు. డ్రోను కంపెనీవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే మాట. ఫోను బాగుంటే తప్పు నాదేనంట. ఊర్లో పంచాయితి పెడతాండారు."

"ఏం తప్పు చేశావు?"

"గంగులప్ప పురుగులు సచ్చిపోయినాయక్కా. అన్నీ."

అప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడిగితే సంగతంతా చెప్పింది. గంగులప్ప, నరసింహప్ప అన్నదమ్ములు. తండ్రి పోయాక భాగాలు పంచుకునేటప్పుడు మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పొలాలు మాత్రం ఒకే గట్టుకు అటూ ఇటూ. అన్న గంగులప్ప మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతాడు. తమ్ముడు నరసింహప్ప టొమాటో వేస్తాడు. టొమాటోకు చీడ తగిలితే తమ్ముడు సంఘం డ్రోన్‌ను పిలిపించాడు. సాయంత్రం గాలి పడిపోయాక మంజుల మందు కొట్టింది. డ్రోన్ వెంబడి తనూ నడుస్తూ చివరి వరస దగ్గరికి వచ్చేసరికి ఫోన్ స్క్రీన్ కదలకుండా నిలిచిపోయింది. తరబేతిలో నేర్పినట్టే ఆమె రిమోట్ మీది ‘రిటర్న్ టు హోమ్’ బటన్ నొక్కింది. అది నొక్కితే డ్రోన్ చేస్తున్న పని వదిలేసి, పైకి లేచి, ఎక్కడినుంచి ఎగిరిందో అక్కడికి తిన్నగా వచ్చి దిగుతుంది. అలాగే వచ్చి దిగింది. ట్యాంకు ఖాళీగా ఉంది, చేనికే సరిపోయిందనుకుంది మంజుల. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

మరునాడు పొద్దున గంగులప్ప భార్య నారాయణమ్మ తోటలో ఆకు కోసుకొచ్చి పురుగులకు వేసింది. మధ్యాహ్నానికి అవి తలలెత్తి అటూ ఇటూ ఆడించడం మొదలుపెట్టాయి. నోటి వెంట పచ్చటి నీళ్ళు కారాయి. సాయంత్రానికి ముడుచుకుపోయాయి.

పట్టుపురుగుకు వేసే ఆకు మీద పురుగుమందు వాసన కూడా తగలకూడదు. ఈ పురుగు నాలుగుసార్లు తిండి మానేసి పడుకుని కుబుసం విడుస్తుంది. ఆ పడకను మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు రాత్రనక పగలనక తిని, ఆ తర్వాత గూడు కడుతుంది. గంగులప్ప పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. నోటి దగ్గరి కూడు అంటారే, అదీ.

"ఊర్లో ఏమంటాండారంటే," మంజుల తల వంచుకుని చెప్పింది, "నరసింహప్ప నాకు చెప్పిచ్చి, కావాలనే అన్న తోట మీద మందు కొట్టిచ్చినాడంట. స్క్రీను నిలిచిపోయిందంటే ఒక్కరూ నమ్మలేదక్కా."

మందు కొట్టే ఆ డ్రోన్‌కు రెండు పగ్గాలు. ఒకటి చేతిలోని రిమోట్. రెండోది ఆ రిమోట్‌కు కేబుల్‌తో తగిలించే ఆండ్రాయిడ్ ఫోన్. పొలం హద్దులు, వరసలు, పంపు ఆన్ చేయడం, ఆఫ్ చేయడం అన్నీ ఫోన్‌లోని యాప్‌లోనే. యాప్ బిగుసుకుపోవడానికి నాకు తెలిసిన కారణాలు కొన్నే ఉన్నాయి. ఫోన్ వేడెక్కడం, స్టోరేజ్ నిండిపోవడం, కేబుల్ వదులవడం, ఛార్జింగ్ మిగల్చాలని ఫోన్ తనంతట తానే యాప్‌ను నిద్రపుచ్చడం. అన్నీ పరీక్షించాను. ఫోన్‌ను ఎండలో రేకు మీద పెట్టి కాల్చాను. వీడియోలతో నింపాను. కేబుల్‌ను పట్టుకుని ఊపాను. యాప్‌లో ఒక మూల డ్రోన్ బ్యాటరీ వోల్టేజి కనిపిస్తుంది, ఆ అంకె నిమిషం కూడా కుదురుగా ఉండదు. అది ఆగిందంటే యాప్ ఆగినట్టు లెక్క. నా అంగట్లో నా ఖర్మకు అది ఒక్కసారీ ఆగలేదు. మంజుల ముఖం చూస్తే నాకే భయం వేసింది. నేనూ ఫోన్ బాగానే ఉందనేస్తే ఆ పిల్ల గతేమిటి?

"పద, మీ ఊరికే పోదాం. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి," అన్నాను.

మేము ఊళ్ళోకి అడుగుపెట్టగానే గంగులప్పే ఎదురొచ్చాడు. ముందు మమ్మల్ని పురుగుల షెడ్డుకు తీసుకెళ్ళాడు. సాధారణంగా పరాయివాళ్ళను ఆ గడప తొక్కనివ్వరు, కాళ్ళు కడిగి చెప్పులు మార్చాలంటారు. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో జ్వరం లేచిన పురుగులు తింటుంటే షెడ్డులో సన్నటి వాన చప్పుడుంటుంది. అక్కడ ఈగల మోత తప్ప ఇంకేమీ లేదు. చచ్చిన పురుగులను చాలావరకు గుంత తీసి పూడ్చారట. అడుగు తట్టల్లో కొన్ని ఇంకా నల్లబడి ఉన్నాయి. కుళ్ళు వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను, పెట్టుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాను.

నారాయణమ్మ ఖాళీ తట్టల పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మంజులను చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆకు కోసింది నేను, వేసింది నేను," అంది తన చేతులు చూసుకుంటూ. "ఒక తట్టలో పురుగు సరిగా తింటాలేదని ఇంకో పిడికెడు వేసినా తల్లీ. నా చేతులతోనే వేసినా."

అన్నం తినడం లేదని గంగులప్ప చెప్పాడు. చేతులు కడుక్కుంటుందట, మళ్ళీ కడుక్కుంటుందట, కంచం దగ్గర కూర్చుని లేచిపోతుందట. బయటికొచ్చాక ఆయన నా ముందు నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"నువ్వు మిషన్లు తెలిసిన దానివి కదమ్మా. నాకు ఒక్కటి తెలియాల. పురుగులు పోయినాయి, పోనీ. మా తమ్ముడు ఈ పని చేయిచ్చినాడా, లేదా? చేయిచ్చింటే చేయిచ్చినాడనే చెప్పు. తట్టుకుంటాను."

తట్టుకోలేడని చూస్తేనే తెలుస్తోంది.

మంజులా నేనూ చేనికి వెళ్ళాం. డ్రోన్ రెక్కలు ఊడదీసి, ట్యాంకులో ఉత్త నీళ్ళు పోసి, ఒక మూల నేల మీద పెట్టి ఆన్ చేశాం. రిమోటూ ఫోనూ పట్టుకుని టొమాటో వరసల వెంబడి నడిచాం. వోల్టేజి అంకె మారుతూనే ఉంది. చివరి వరస ఉన్న దక్షిణపు కొస చేరేసరికి ఠక్కున ఆగింది. స్క్రీన్‌ను వేలితో పొడిచాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. వెనక్కి నడిచి, యాప్ మూసి తెరిచి, మళ్ళీ నడిచాం. మళ్ళీ అక్కడే ఆగింది. దెయ్యం పట్టినట్టు అదే చోట!

తలెత్తి చూస్తే ఎదురుగా గుట్ట. ఆ గుట్ట అడ్డమొచ్చి ఇవతలి టవర్ సిగ్నల్ పోతుంది, అవతలి ఆంధ్రా టవర్ సిగ్నల్ తగులుతుంది. సరిహద్దు పల్లెల్లో ప్రతి ఫోన్‌లోనూ రెండు సిమ్ములుంటాయి, బంధువులు రెండు వైపులా ఉంటారు కదా. మంజుల ఫోన్‌లోనూ అంతే. ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే ఇంటర్నెట్‌ను రెండో సిమ్‌కు దానంతట అదే మార్చే సెట్టింగ్ ఆ ఫోన్‌లో ఆన్ చేసి ఉంది. యాప్ ఏమో మ్యాప్ కోసం కంపెనీ సర్వర్‌తో ఆగకుండా మాట్లాడుతుంటుంది. మధ్యలో సిమ్ మారితే పాత దారిలో జవాబు వస్తుందని కాచుకుని అలాగే నిలబడిపోతుంది. చింతామణిలో సిగ్నల్ నిండుగా ఉంటుంది కాబట్టి సిమ్ మారదు, యాప్ ఆగదు. మంజుల పిన్నీసు అడిగి తీసుకుని ఒక సిమ్ బయటికి లాగాను. మళ్ళీ నడిచాం. కొసదాకా వెళ్ళినా అంకె ఆగలేదు.

"దొరికిందే!" అని అరిచాను. మంజుల అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది.

రెండో ముక్క పంపు. రెండు సిమ్ములూ పెట్టి, పంపు ఆన్ చేసి, యాప్‌ను ఆగనిచ్చి, రిమోట్ మీద రిటర్న్ టు హోమ్ నొక్కాను. నేల మీది డ్రోన్ నాజిళ్ళలోంచి నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి. పంపు ఆపమని చెప్పాల్సింది యాప్, ఆ యాప్ ఏమో బిగుసుకుపోయి ఉంది. డ్రోన్ ఇంటికి వస్తూ దారి పొడుగునా మందు చల్లుకుంటూ వచ్చిందన్నమాట. చీకటి పడే వేళ అంత సన్నటి తుంపర ఎవరి కంటికి కనబడుతుంది?

ఇక మిగిలింది ఆ దారి. గట్టెక్కి పొలం ఆకారం చూశాను. మోచెయ్యి వంచి బల్ల మీద పెట్టినట్టుంది తమ్ముడి చేను. ఒక వైపు తూర్పుకు సాగింది, ఇంకో వైపు దక్షిణానికి. ఆ వంపులో, చంక కింద దాచుకున్నట్టు, అన్న మల్బరీ తోట. బండిదారి వచ్చి చేరేది మోచేతి దగ్గరికి. డ్రోన్ అక్కడినుంచి ఎగిరి ఉంటే, ఏ కొసనుంచి తిరిగి వచ్చినా తమ్ముడి చేని మీదుగానే వచ్చేది. ఈ అమ్మాయి మాత్రం తూర్పు కొసన, ఈశాన్య మూల నుంచి ఎగరేసింది. దక్షిణపు కొస నుంచి ఈశాన్యానికి గీత గీస్తే అది తోట నడిమధ్యలోంచి పోతుంది.

"బండిదారి ఇక్కడుంటే అంత బరువు మోసుకుని ఆ మూలకెందుకు పోయావే?" అన్నాను కసిరినట్టు.

మంజుల కళ్ళు తుడుచుకుంది. "నేను ఈడనే దించబోయినాను. గంగులప్ప తోటలో ఉన్నాడు. గట్టు దగ్గరికొచ్చి, 'అమ్మా, పోయినసారి మావాని పంట చేతికి రాలేదు. ఈసారైనా ఈశాన్యంలో మొదలుపెట్టు, మంచిదవుతాది' అన్నాడు. తమ్మునితో మాట్లాడడు కదా, అందుకని నాతో చెప్పినాడు. పెద్దాయన మాట ఎట్ల కాదనేదని ఆడికి మోసుకపోయినా."

మా ఇళ్ళలో బావి తవ్వినా, పొయ్యి పెట్టినా, నాగలి పట్టినా ముందు ఈశాన్యమే. మా నాన్నను అడిగినా అదే చెప్పి ఉండేవాడు. మంజుల నా ముఖం చూసి, తోట చూసి, దక్షిణపు కొస నుంచి తూర్పు మూల దాకా చూపు సాగదీసింది. తరబేతి తీసుకున్న పిల్ల, చెప్పకుండానే అర్థమైపోయింది. "అయ్యో దేవుడా," అంది అంతే.

అప్పటికే జనం చేనిలోకి వస్తున్నారు. సంఘం అధ్యక్షురాలు రత్నమ్మ, ఊరి పెద్దలు, ఊసుపోక వచ్చినవాళ్ళు. అన్న ఒక వైపు, తమ్ముడు ఇంకో వైపు నిలబడ్డారు.

"ఎగరేసేది చేతగాక ఫోను మీద చెప్తాంది. ఆడలేక మద్దెల ఓడన్నట్ల," అన్నాడొకడు వెనకనుంచి.

"మద్దెల ఓడో కాదో నువ్వే పట్టుకుని చూడప్పా," అని రిమోటూ ఫోనూ వాడి చేతిలోనే పెట్టి నడిపించాను. దక్షిణపు కొసన అంకె ఆగింది. సిమ్ తీసి మళ్ళీ నడిపించాను, ఆగలేదు. పంపు సంగతీ చూపించాను. వాడు రిమోటూ ఫోనూ నా చేతికిచ్చేసి వెనక్కి జరిగాడు. నరసింహప్ప తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. గంగులప్ప ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి తమ్ముడి వైపు తిన్నగా చూశాడట, తర్వాత మంజుల చెప్పింది.

అంతటితో అయిపోయి ఉంటే నేనీ సంగతి రాసేదాన్నే కాదు.

గంగులప్ప నా దగ్గరికొచ్చాడు. "యాప్ నిలిచిపోయినాది, పంపు ఆగలేదు. సరేనమ్మా, కండ్లారా చూసినా. అయితే ఆ డ్రోను నా తోట మీదుగానే ఎందుకొచ్చినాది? చేని మీదుగానే రావొచ్చు కదా?"

నేను నోరు తెరిచాను. నిజం నా నాలుక మీదే ఉంది. మంజుల నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేటట్టు.

"నావల్లనే అప్పా," అంది. "స్క్రీను నిలిచిపోతానే బెదిరిపోయినా. రిమోటు పుల్ల తప్పుగా తిప్పినా. అది తోట దిక్కు తిరుక్కున్నాది. తిట్లు తినాల్సొస్తాదని ఇన్నిదినాలూ చెప్పలేదు."

పంచాయితీకి అంతకంటే ఏం కావాలి? "అదీ సంగతి!" అన్నారు నలుగురూ. ఆడదాని చేతికి ఇస్తే ఇంతే అన్నారు. రత్నమ్మ నా చేతిలోని రిమోట్ తీసుకుని, "ఇంక నువ్వు ముట్టుకోవద్దమ్మా," అంది మంజులతో. నాకు ఒళ్ళు మండిపోయింది, అయినా దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. మణికట్టు మీద ఆమె పట్టు ఇంకా వదల్లేదు.

"అయితే మా తమ్ముడు చేయిచ్చింది కాదు," అన్నాడు గంగులప్ప.

"కాదప్పా. ఆయప్పకేమీ తెలియదు."

"చాలు," అన్నాడు. ఇంకెవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు మంజులను చెడామడా తిట్టాను. "పిచ్చిదానా! నీ తప్పు లేదని ఊరందరి ముందూ తేల్చి పెడితే, నీ చేతులతో నువ్వే మన్ను పోసుకుంటావా?"

"నారాయణమ్మను చూసినావు కదక్కా," అంది నెమ్మదిగా. "చేతులు కడుక్కుంటానే ఉండాది. ఆయమ్మ ఒకతి చాలదా? ఇన్నేండ్ల తర్వాత తమ్ముని మంచి కోరి ఆయప్ప అన్నది ఆ ఒక్క మాట. ఆ మాటే మందు తెచ్చి పురుగుల మీద పోసిందని నేనెట్ల చెప్పేది?"

బస్సొచ్చి ఆగింది, ఎక్కాను.

కంపెనీకి ఫోన్ చేసి లోపం చెబితే తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తామన్నారు. నేను అంతదాకా ఆగలేదు. ఆ డ్రోన్‌కు పంపు ఆపే స్విచ్చి ఒకటి రిమోట్ మీదే బిగించి ఇచ్చాను. ఇప్పుడు మందు కొట్టే డ్రోన్ ఎవరు తెచ్చినా ముందు ఫోన్‌లోని రెండో సిమ్ తీయిస్తాను. తర్వాత పొలం గీయించి, ప్రతి మూల నుంచీ డ్రోన్ దిగే చోటికి గీతలు గీయించి, ఆ గీతల కింద ఎవరి తోట ఉందో అడుగుతాను. ఆ కేసు నాకు నేర్పిన పని ఇదే. లోపం కనిపెట్టడం వరకే నా విద్య అని, దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో ఏ సర్క్యూటూ చెప్పదని కూడా అక్కడే తెలిసింది.

గంగులప్ప మళ్ళీ పురుగులు పెట్టలేదు. నారాయణమ్మ ఆ షెడ్డులోకి అడుగు పెట్టనందట. మంజుల బాగేపల్లి దగ్గర గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతోంది. అన్నదమ్ములు కలిసిపోయారని చెప్పాలని నాకూ ఉంది, కానీ కలవలేదు. ఇంకొక అమ్మాయి ఆ డ్రోన్ నడుపుతోంది. సర్వీసుకు వచ్చినప్పుడు ఒకసారి నవ్వుతూ చెప్పింది. "ఆ చేనికి పోతే పక్క తోట పెద్దాయన గట్టు మీదికొచ్చి నిలబడతాడక్కా. ఈశాన్యంలోనే దించు, మంచిదవుతాది అంటాడు, ప్రతిసారీ."

"దించు," అన్నాను. "పంపు స్విచ్చి ఆపి ఇంటికి రప్పించు."

పోయిన కార్తీకంలో గంగులప్ప కాలం చేశాడు. అందుకే పేర్లు మార్చి ఇప్పుడు రాస్తున్నాను. ఆ కబురు మంజులకు నేనే ఫోన్ చేసి చెప్పాను. వెనక కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"తెలియకుండానే పోయినాడు కదక్కా?" అంది.

"తెలియకుండానే పోయాడు," అన్నాను.